నిద్రగన్నేరుకు కట్టిన గంట

మా మేనత్త పోయిందని గవర్నర్‌పేటలో నేను పనిచేసే మందుల కొట్టుకు ఫోను వచ్చింది. బస్సులో ఉయ్యూరు చేరి, అక్కడినుంచి రిక్షాలో ఊళ్ళోకి వెళ్ళేసరికి చర్చి ఆవరణలో పట్టుమని పదిమంది లేరు. సగం ఊరికి అక్షరాలు దిద్దించిన మనిషికి ఇదేం మర్యాదని నాకు ఒళ్ళు మండిపోయింది. మరణగంట కొట్టించినా ఎవరూ ఇళ్ళలోంచి కదల్లేదని, చివరికి ఇంటింటికీ మనిషిని పంపాల్సి వచ్చిందని పాస్టరుగారు తలవంచుకుని చెప్పారు.

"చెట్టు మోగిందనుకున్నారండీ," అన్నారు.

ఈ మాట మీకు అర్థం కావాలంటే ఆ చెట్టు సంగతి చెప్పాలి. చర్చికీ, అత్తయ్య పెద్ద టీచరుగా ఉన్న బడి పాకకీ మధ్య ఒక నిద్రగన్నేరు ఉంది. మొదట్లోనే రెండు మానులుగా విడిపోయి ఒకటి చర్చి కప్పు మీదికీ, ఇంకొకటి పాక మీదికీ ఒరిగింది. ఆరేడేళ్ళ కిందటి వానల్లో ఆ పంగలో చీలిక కనబడింది. ఒక మానును కొడితే ఆపేది లేక రెండోది తనవైపు కూలుతుంది. చర్చి పోవాలో బడి పోవాలో తేలక సంఘపెద్దలు రెండు జట్లయి మాటలు మానేశారు. అత్తయ్య చెరకు ఫ్యాక్టరీలో ఫిట్టరైన మరిదిని పిలిపించింది. ఆయన పైకొమ్మల్ని ఇనప తీగతాడుతో కలిపి కట్టి, కింద రెండు మానులకూ బెజ్జాలు వేసి, పొడుగాటి కడ్డీ దూర్చి అటూ ఇటూ నట్లు బిగించాడు.

"ఒకదాన్నొకటి పట్టుకున్నంతకాలం ఎవరి నెత్తినా పడవు," అని అత్తయ్య పెద్దలకు చెప్పింది.

అంతటితో ఊరుకుంటే వాళ్ళు మావాళ్ళెందుకవుతారు! గంట వేలాడే స్తంభానికి చెదపట్టింది. కొత్తది దండగ, కడ్డీ ఉండనే ఉందని చర్చిగంటను తెచ్చి దానికి తగిలించారు. ఇక చూడండి. మామూలు గాలికి గంట చిన్నగా గణగణమనేది. చీలిక విచ్చుకుంటే మాత్రం ఒక్కసారే, బరువుగా మోగేది. మా సంఘంలో మనిషి పోతే కొట్టేదీ అలాగే, ఆగి ఆగి ఒక్కొక్క దెబ్బ. అది వినబడితే చేతిలో పని వదిలేసి చర్చి గేటు దగ్గరికొచ్చి ఎవరు పోయారని అడగడం ఆచారం. ఆకు కదలని మిట్టమధ్యాహ్నం ఎవరూ లాగని గంట మోగితే జనం ఎంగిలిచేతులతో పరుగెత్తుకొచ్చేవారు.

అత్తయ్య గేటు దగ్గర నిలబడి, "ఎవరూ పోలేదు. చెట్టు పలికింది. వెళ్ళి అన్నాలు తినండి," అనేది.

అప్పటికే పిల్లల్ని చెట్టు పడినా అందని కాలవగట్టుకు పంపేసి ఉండేది. చంకలో పలక, చేతిలో పక్కవాళ్ళ చెయ్యి. పరుగెత్తకూడదు, వెనక్కి చూడకూడదు. చదువుకంటే నడకే ఎక్కువ నేర్పుతున్నావని నేనొకసారి ఆటపట్టించాను. ఆవిడ నవ్వలేదు. "చదువు రానివాడు బతకొచ్చు నాయనా," అంది.

పాకను వేరేచోటికి మార్చమని ఆవిడ అడగని ఆఫీసరు లేడు. వచ్చినవాళ్ళు చెట్టుకింద మజ్జిగ తాగి, నీడ ఎంత చల్లగా ఉందో మెచ్చుకుని వెళ్ళేవారు. ఊరికి అరిష్టం, గంట విప్పేయమని కొందరు పట్టుబట్టారు. దాని నోరు మూయిస్తే పడేముందు చెప్పేదెవరని ఆవిడ ససేమిరా అంది.

దివిసీమను ముంచిన తుఫాను మా ఊళ్ళోనూ పెంకులు లేపేసింది. చెట్టు మాత్రం నిలబడింది. ఇక దానికి ఢోకా లేదని ఊరంతా మురిసిపోయి, గంట మోగినా గేటు దగ్గరికి రావడం మానేసింది. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడు అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కడ్డీ మీద పెట్టింది. విల్లులా వంగి ఉంది.

"నిలబడిందిరా, కానీ అలిసిపోయింది. వీళ్ళకు భయం పోయింది. నాకదే భయం."

మొన్న మధ్యాహ్నం నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. ఆవిడ మాట నేను పట్టించుకునే వయసు వచ్చేసరికి ఆవిడే లేదు. నా బాధ అదే.

సమాధి అయిన మర్నాడు బడి తెరిచారు. కొత్త టీచరు ఇంకా రాలేదు. పాస్టరమ్మగారు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నారు. నేను బస్సుకు బయల్దేరి గేటు దాకా వచ్చాను. గాలి లేదు. గంట ఒక్కసారి మోగింది. ఎదురింట్లో బియ్యం చెరుగుతున్నావిడ తలెత్తలేదు. పాస్టరమ్మగారు కూడా కూర్చున్నచోటే ఉన్నారు.

పిల్లలు లేచారు. ఎవరూ చెప్పలేదు. పలకలు చంకన పెట్టుకుని, చేతులు పట్టుకుని, నా పక్కనుంచి వరసగా కాలవగట్టువైపు నడిచారు. పాస్టరమ్మగారు గాభరాగా వాళ్ళ వెనకే వచ్చారు. అత్తయ్య ఎప్పుడూ నిలబడే చోటుకు రాగానే చివరి పిల్ల ఆగి నా మొహంలోకి చూసింది.

"ఎవరూ పోలేదు కదండీ?"

నేను నోరు తెరిచేలోగా గంట రెండోసారి మోగింది.