హఫీజ్‌పేట్ దాక పోయి సత్తు పడవ బొక్కలు బంద్ చేసుకొచ్చిన తీరు

"అడుగున తడి తగుల్తున్నదే, చూసినవా?" అన్నడు మా ఆయన.

"నీళ్ళ మీద తిరిగెటోనికి తడి తగలక ఎండ తగుల్తదా?" అన్న నేను.

ఆయన నవ్విండు. పడవను గుంజకు కట్టిండు, ఇంటికొచ్చి బువ్వ తిని పండుకున్నడు. తెల్లారి లేవలే. మా ఇద్దరి నడుమ ఆఖరి మాటలు గవే. చెడ్డ మాటలు కావు. పెండ్లైన కాడికెళ్ళి గట్లనే మాట్లాడుకున్నం.

గా తడి సంగతే ఇప్పుడు చెప్తున్న. నాకు సంతకం వరకే వస్తది. నేను చెప్తుంటే మా చెల్లె బిడ్డ శైలజ రాస్తున్నది. చెరువుల మీద బతికెటోళ్ళు, సత్తు పడవ ఉన్నోళ్ళు ఎవలన్న చదివితే తొవ్వ తెలుస్తదని రాపిస్తున్న.

మాది శంకర్‌పల్లి అవతల ఊరు. చెరువున్నది, చాపల సంఘమున్నది. మా ఆయన పాత సత్తు పడవ ఒకటి కొన్నడు. మీరు అల్యూమినియం అంటరు. మేము సత్తు గిన్నె అన్నట్టే సత్తు పడవ అంటం. అంతకుముందు అది ఏదో రిసార్టుల షికారు పడవ. దానికి కుర్చీలు, నీడకు పైన కప్పు బోల్టులేసి బిగిచ్చిన్రు. చాపలు పట్టెటోళ్ళకు కుర్చీలెందుకు? ఊడబీకినం. కుర్చీలు పోయినయి, బొక్కలు మిగిలినయి. మా ఆయన పాత చెప్పులు కోసి బిరడాలు కొట్టి, పైన తారు పూసిండు. తారు ఎండకు కరుగుతది, చలికి పగుల్తది.

ఆయన పోయినంక సంఘం పెద్దమనిషి యాదయ్య ఇంటి ముందటికొచ్చిండు. "వదినా, ఆదివారం వలలు దింపుతున్నం. నీ పడవ తేలితే నీ వంతు నీకు. కారిందనుకో, నీ మరిది పడవల కూసో, చాపలేరు, కూలి తీస్కో. ఆడమనిషివి, నీకెందుకు గింత పరేషాన్?" అన్నడు. పడవ తోలుడు నేను పెండ్లైన ఏడాదే నేర్చిన. మంది పడవల కూలికి కూసునేదేంది? చెరువు మీద నా జాగ నాకు కావాలె. నా ఫికరంత గదే.

శైలజ హఫీజ్‌పేట్‌ల ఉంటది. ఆమె పెనిమిటి అక్కడ ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మెన్. ఫోన్ చేస్తే, "మా తాన ఆర్గాన్ వెల్డింగ్ చేసెటోళ్ళున్నరు, పట్కరా పెద్దమ్మా" అన్నది. ఊర్ల కూరగాయలు తోలే డీసీఎం బండి మల్లేశాన్ని బతిమాలిన. గురువారం మాపటికి టమాట డబ్బాల మీద పడవ ఎక్కింది. క్యాబిన్ల మంది నిండిన్రు, నాకు జాగ లేదు. పడవ ముందుగాల పోయి శైలజోళ్ళ అపార్ట్‌మెంటు పార్కింగ్‌ల దిగింది, నేను తెల్లారి రైలుకు బయలెల్లిన.

శుక్రవారం పొద్దుగాల ఏడు గొట్టంగ శంకర్‌పల్లిల ప్యాసింజర్ ఎక్కిన. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మూట కట్టుకున్న. డబ్బాల సగం మంది అద్దాల మేడలల్ల ఊడ్వబొయ్యే ఆడోళ్ళే, మెడల కార్డులున్నయి. పక్కకు కూసున్నామె అడిగింది, "ఏడికి అత్తా?"

"పడవ బాగు చేయిస్తానికి."

"పడవేది మరి?"

"నాకంటె ముందుగాల్నే పోయింది."

"నీకంటె అదే హుషారున్నది!" అన్నది. డబ్బంత నవ్వింది. నా రొట్టెల సగం తుంచి ఆమెకిచ్చిన, ఆమె నాకు నిమ్మకాయ పులిహోర పెట్టింది.

లింగంపల్లిల దిగి ఎంఎంటీఎస్ రైలు ఎక్కాలె. వంతెన ఎక్కి దిగాలె, మోకాళ్ళు నొచ్చెటోళ్ళు జర ఎసులుబాటు చూసుకోన్రి. టికెట్టు ఖర్చు చాయ్ పైసలకు మించదు. బ్యాగులు ముందట కట్టుకున్న ఆఫీసు పిల్లలు నిలవడే నిద్రపోతున్నరు. రెండో టేషనే హఫీజ్‌పేట్.

బయటికొచ్చి, పనాయనను ఎంటబెట్టుకొనే పడవ కాడికి పోదామని ఆటో ఆపిన. శైలజ పదిసార్లు చెప్పిచ్చిన 'ఆర్గాన్' అనే మాట రైల్లనే జారిపోయింది. ఫోన్ల చార్జింగ్ లేదు.

"బొక్కలు మంచిగ చేసేటాయన తానికి తోలు నాయనా" అన్న.

"నీయేనా అమ్మా?"

"నాయి కావు బిడ్డా. రాత్రి డీసీఎంల పంపిన."

డ్రైవర్ ఎనుకకు మర్లి చూసిండు. "డీసీఎంలనా! గంత ఖరాబైనయా?"

"అడుగంత బొక్కలే. పండబెట్టి తాళ్ళతోటి కట్టి పంపిన."

"అయ్యో పాపం" అని ఆటోను ఉరికిచ్చిండు. గంత దయ ఉన్నోడు దొరికిండని నేను సంబరపడ్డ.

ఒక అద్దాల తలుపు ముందట దింపిండు. బోర్డు చదవరాదు గదా. లోపలికి పోతే ఏసీ, వరుసగ కుర్చీలు. వెల్డింగ్ దుకాణం గింత సల్లగున్నదేందని అనుకున్న. బల్ల ఎనక కోస్తా దిక్కు పిల్ల ఒకామె మర్యాదగ అడిగింది, "పేషెంట్ ఎవరండి?"

"పార్కింగ్‌ల ఉన్నది."

"పార్కింగ్‌లోనా! స్ట్రెచర్ పంపించమంటారా అండి?"

"గదేం బరువాపుతది బిడ్డా? ఎత్తాలంటే ఆరుగురు కావాలె. ముందుగాల తారు గోకాలె."

"తారేంటండీ?" అని ఆ పిల్ల లేచి నిలవడ్డది.

ఎనక బెంచి మీద ఒకాయన పొట్ట పట్టుకొని నవ్వుతున్నడు. మోకాలు దాక సిమెంటు కట్టు. "మేడం, ఆమె చెప్పే బొక్క గిది కాదు" అని తన కాలు చూపిచ్చిండు, "గది" అని గోడకు మేకు గుంజిన కాడ రంధ్రం చూపిచ్చిండు. అప్పుడు సమజైంది. మా దిక్కు ఎముకనూ బొక్కే అంటం, రంధ్రాన్నీ బొక్కే అంటం. ఆటోడు నన్ను బొక్కల దవాఖానకు తెచ్చిండు. ఆ పిల్ల గూడ నవ్వి, "ఓరి నాయనో, నేను డాక్టరు గారిని పిలిచేసేదాన్నండి!" అన్నది. నీళ్ళిచ్చింది, నా ఫోన్ చార్జింగ్ పెట్టింది.

నవ్వినాయన పేరు నర్సింలు. పాలమూరు మనిషి. ఖాజాగూడ అవతల లేస్తున్న మేడలకు అద్దాలు బిగిచ్చుడు ఆయన పని.

"మేడ మీదికెళ్ళి పడ్డవా తమ్మీ?" అన్న.

"ముప్పై అంతస్తులెక్కినప్పుడు ఏం కాలేదక్కా. ఇంట్ల గడప తట్టుకొని పడ్డ."

పడవ సంగతంత ఇన్నడు. రేకు మందమెంత అని అడిగితే గోరు మందమని చూపిచ్చిన. "గంత సన్నదైతె వెల్డింగ్‌కు చెయ్యి చానా తిరిగి ఉండాలె. వేడి జర ఎక్కువైతె చిన్న బొక్క పెద్దదైతది. సత్తు బిళ్ళలు, సత్తు రివిట్లు, నడుమ గమ్ము. మేము మేడల మీద చేసేది గదే. ఇంట్ల పండి పండి పిచ్చి లేస్తున్నది. పా అక్కా, నేనే వస్త" అన్నడు. డాక్టరుకు కాలు చూపిచ్చుకున్నంక ఇద్దరం ఒక్క ఆటోల పోయినం. తొవ్వల హార్డ్‌వేర్ దుకాణంల ఆగి సామాను తీసుకున్నం. మీరు గూడ గమ్ము అడిగితే కిటికీలకు పెట్టేది తేకున్రి, ఎప్పటికీ నీళ్ళల్ల మునిగుండె వాటికి పెట్టేదని గట్టిగ చెప్పున్రి.

శైలజోళ్ళ పార్కింగ్‌ల కార్ల నడుమ నా పడవ పండుకొని ఉన్నది. దాని పక్కన రాయలసీమ సారొకాయన నడుము మీద చేతులు పెట్టుకొని నిలవడ్డడు.

"ఏమ్మా, ఇది ఎవురిది? నీళ్ళు ట్యాంకర్లతో కొనుక్కునే చోట పడవ తెచ్చి పెట్నారే!" అన్నడు.

"ఒక్క రోజు సారూ, దండం పెడ్త."

"రేప్పొద్దునకల్లా తీసేయాల, సూడు" అని పైకి పోయిండు.

నర్సింలును ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టినం. ఆయన చెప్తడు, నేను చేస్త. ముందుగాల ఇటుకల మీద పడవ ఎత్తి పెట్టి, లోపల నీళ్ళు పోసినం. ఫిల్టరు మిషిని వదిలేసే వేస్టు నీళ్ళే, మంచి నీళ్ళు కావు. చెరువుల పెట్టి లోపలికి ఏడికెళ్ళి వస్తున్నయని ఎతికే కంటె, లోపల పోసి బయటికి ఏడ కారుతున్నయో చూసుడు సులువు. నేను కింద దూరి చూస్తుంటే చుక్క చుక్క నా మొఖం మీదనే పడ్డయి. శైలజ ఒక్కొక్క కాడ పెన్నుతోటి సున్న చుట్టింది. మేమెరుగని బొక్కలు గూడ ఎల్లినయి.

నీళ్ళు వంపి ఆరబెట్టి తారు గోకినం. ఒక కాడ మా ఆయన ఇనుప బోల్టు బిగిచ్చిండు. దాని చుట్టు సత్తు తెల్లగ పిండి లెక్క రాలింది.

"ఇనుమును, సత్తును ఒక్కతాన పెట్టి నీళ్ళల్ల ముంచితె నష్టమంత సత్తుకేనక్కా" అన్నడు నర్సింలు. "సత్తుకు సత్తే ఉండాలె."

ఉప్పు కాయితంతోటి తళతళ మెరిసే దాక రుద్దిన. థిన్నర్‌తోటి తుడిసినం. కిటికీలు చేసే దుకాణంల పారేసిన సత్తు రేకు ముక్కలు గుండ్రంగ కోసి, ఎనక గమ్ము పూసి, లోపలి దిక్కు ఒత్తి పెట్టి, చుట్టు రివిట్లు కొట్టినం. గమ్ము అంచులకు పొంగి రావాలె, పొంగకపోతే సందున్నట్టే. రివిటు కొట్టే మిషిని పట్టుకుంటె చేతులు గుంజినయి. నాలుగు గొట్టంగ సారు మల్ల దిగొచ్చిండు. తిడ్తడేమో అనుకున్న. గడియ సేపు చూసిండు. "యాడమ్మా, ఆ బిళ్ళ వంకర పోతాండాది" అని వంగి తనే పట్టుకున్నడు. అంగీకి నల్ల గమ్ము అంటింది. "ఇంట్లో ఏం చెప్పాల్రా సామీ!" అనుకుంట పోయిండు.

పొద్దుగూకే యాళ్ళకు అయిపోయింది. నర్సింలు పైసలు తీసుకోనన్నడు, శైలజ వండిన చాపల కూర తిన్నడు. "రాత్రంత ముట్టకున్రి. పొద్దున నీళ్ళు పోసి చూసుకొని తీస్కపోన్రి" అని చెప్పి పోయిండు.

గట్లనే చేద్దామనుకున్నం. శనివారం పొద్దున చూస్తె కరెంటు లేదు. మోటరు నడవది, ఫిల్టరు నడవది, డ్రమ్ముల నీళ్ళు అడుగంటినయి. మల్లేశం గేటు ముందట హారన్ కొడ్తున్నడు. "ఎక్కుతవా లేదా చిన్నమ్మా? నాకు ఊర్ల లోడున్నది!" అన్నడు. అడుగు కింద గోనె సంచులు పరిచి, పడవను మూతి పైకుండెటట్టు ఎల్లెలుకల ఎక్కిచ్చి కట్టినం. పరీక్ష చేయకుంటనే బయలెల్లినం. ఈ తాప క్యాబిన్ల నేనొక్కదాన్నే, జాగకు కొదువ లేదు. గని ఒకటే ఫికర్. రేపు నడి చెరువుల కారితె యాదయ్య ముందట నా మొఖం ఏడ పెట్టుకోవాలె?

శంకర్‌పల్లి ఇంక దూరముండంగ మబ్బు కమ్మింది. గాలిదుమారం లేసింది, ఎనకనే వాన. ముందటి అద్దంల తొవ్వ కనిపిస్తలేదు. బండి మీద కప్పిన తాడిపత్రి ఒక దిక్కు ఊడి, దాని మీద పడ్డ నీళ్ళన్ని కాలువ లెక్క పడవలకే దుముకుతున్నయి. మల్లేశం బండి పక్కకు ఆపి తిట్టుకుంట కూసున్నడు. నేను ఎనక అద్దంలకెళ్ళి చూస్తనే ఉన్న.

వాన ఎలిసినంక ఊరికొచ్చినం. మల్లేశం ఎనకకెక్కి చూసి మొత్తుకున్నడు. "ఏంది చిన్నమ్మా! బెత్తెడు నీళ్ళున్నయి, గింత బరువు మోసుకొచ్చిన్నా నేను? వంపుతున్న!"

"చెయ్యి పెట్టినవంటె ఊకోను" అని నేను గూడ ఎక్కిన. పడవ కింద గోనె సంచుల నడుమకు చెయ్యి దూర్చిన. అంచులు తడిసినయి. నడుమ పొడి. మల్ల దూర్చిన, ఇంకో దిక్కుకెళ్ళి దూర్చిన. పొడే. నెత్తి మీద నీళ్ళు పోసుకున్నట్టు సల్లగైంది పానం.

"యాదయ్యను పిలువు. ఆయన చూసినంకనే వంపాలె" అన్న.

యాదయ్య వచ్చిండు, చక్రం మీద కాలు పెట్టి ఎక్కిండు. నీళ్ళల్ల చెయ్యి పెట్టిండు, సంచుల కింద చెయ్యి పెట్టిండు. రివిట్లను ఏలుతోటి ఒక్కొక్కటి తడిమిండు. "ఎవలు చేసిన్రు?" అన్నడు.

"బొక్కల దవాఖానల ఒకాయన చెప్పిండు, నేను చేసిన."

ఆయనకేం సమజ్ కాలే. దిగి తువ్వాలకు చేతులు తుడుసుకున్నడు. "పొద్దుగాల అయిదుకే రా వదినా, తూము దిక్కు నీది" అన్నడు. తూము దిక్కంటె లోతు దిక్కు. ఎప్పుడు మా ఆయన తిరిగే జాగనే.

నాకైతె ఈ తొవ్వ పొడుగున మంచోళ్ళే ఎదురైన్రు, తప్పు జాగకు తోలినోడు గూడ. పోయెటోళ్ళు ఆ మాట, ఆర్గాన్ అన్నది, మర్చిపోయినా ఫికర్ చేయకున్రి.

రాసినవా శైలజా? ఇగ మొదటికెళ్ళి సదువు బిడ్డా, నేను చెవులొగ్గి ఇంట. మెల్లగ సదువు. ఏడన్న తప్పు చెప్పిన అనిపిస్తె నడిమిట్లనే ఆపుత.