మూతమీద ఒకే ధర

నా చిన్నప్పుడు బేరం ఆడకుండా మా ఇంట్లోకి వచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. పర్చూరు బజారులో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. ఎనభైల నాటి మాట. మా తాతయ్య కూరగాయలమ్మితోనే కాదు, పురోహితుడితో ముహూర్తం దగ్గర కూడా బేరం పెట్టేవాడు. ఆయన పదకొండున్నర అంటే ఈయన పదిన్నర దగ్గర మొదలుపెట్టి, చివరికి పదకొండుకి ఒప్పించి గాని లేచేవాడు కాదు. ఆ పోలిక నాకే వచ్చిందని ఇంటిల్లిపాదీ అనేవాళ్ళు. అది పొగడ్త అనుకుని నేను చాలా ఏళ్ళు పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే బజారు చివర ఒక కొత్త బట్టల కొట్టు వెలిసింది. దాని ముందు ‘ఒకే ధర’ అని బోర్డు తగిలించారు. మా తాతయ్య పని లేకపోయినా ఆ దారిన వెళ్ళి, బోర్డు చూసి, కడుపారా నవ్వుకుని వచ్చేవాడు. బేరం లేకపోతే మనిషికీ మనిషికీ మాటలేముంటాయని ఆయన బాధ.

మా కొట్టులో బిందెల మీద పేర్లు కొట్టేది మా బాబాయి. నాన్నకి తమ్ముడు, అప్పటికి పాతికేళ్ళుంటాయి. చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని టకటకా చుక్కలు పెడుతుంటే పెళ్ళికూతురి పేరు ముత్యాలు పేర్చినట్టు వచ్చేది. పని చేస్తున్నంతసేపూ కబుర్లే. ఆయన కబుర్ల కోసమే రెండో బిందె కొన్నవాళ్ళున్నారు. నన్ను వాడరేవు తీసుకెళ్ళి సముద్రం చూపిస్తానని మాటిచ్చింది కూడా ఆయనే.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం ఉలి పక్కన పెట్టి, రోజుకి పది పదిహేనుసార్లు పెరట్లోకి పరుగు పెట్టడం మొదలుపెట్టాడు. నెత్తురు పడుతోందని నాన్నమ్మ మా అమ్మతో గుసగుసగా చెప్పడం నేను విన్నాను. నాన్నమ్మ దిష్టి తీసింది, ఇంట్లో కారం బంద్ చేసింది. పండుమిరప పచ్చడి లేకుండా చప్పిడి మజ్జిగన్నం తినే మగాణ్ణి చూడ్డానికి మా వీధివాళ్ళు పని కట్టుకుని వచ్చారు. చివరికి గుంటూరు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరుగారు గొట్టం పెట్టి చూసి, పెద్దపేగు లోపలంతా పుళ్ళు పడ్డాయన్నారు. కారం వల్ల వచ్చింది కాదు, అంటుకునేదీ కాదు, ఎవరి తప్పూ లేదు అన్నారు. పుళ్ళు పచ్చిగా ఉన్నన్నాళ్ళూ మాత్రం కారం జోలికి పోవద్దని చెప్పి, ముదురు పసుపు రంగు మాత్రలు రాసిచ్చారు. మూడు పూటలా రెండేసి. తగ్గాక కూడా తను చెప్పేదాకా మానొద్దన్నారు.

మాత్రలిచ్చే పని నాకు అప్పజెప్పారు. రెండు నెలలు తిరిగేసరికి బాబాయి మళ్ళీ ఉలి పట్టుకున్నాడు. పచ్చడి కూడా కొద్దికొద్దిగా కంచంలోకి వచ్చింది. అప్పుడు మా వంశం తన విద్య చూపించింది. తగ్గిన జబ్బుకి ఇన్ని మాత్రలేంటని తాతయ్య ఆరింటిని నాలుగు చేశాడు. నాన్నమ్మ వేడి చేస్తుందని రెండు చేసింది. బాబాయి కూడా మాత్రలంటే విసిగిపోయి ఉన్నాడు. మిగిలిన బేరం నేను ముగించాను. ఆ రెండూ వేసుకోమని నేను అడగడం మానేస్తే వాడరేవు ఎప్పుడు తీసుకెళ్తావని అడిగాను. వచ్చే నెల అన్నాడు. ఈ నెలలోనే అని పట్టుబట్టాను. సరేనన్నాడు. ఆ సాయంత్రం తాతయ్య పక్కన కూర్చుని, ఆయనలాగే కాలు మీద కాలు వేసుకున్న సంగతి నాకింకా గుర్తుంది.

అనుకున్న రోజు వచ్చింది. చీరాల బస్సు కోసం నిలబడ్డాం. నా చేతిలో గవ్వలు ఏరుకోవడానికి సంచి. బస్సు మలుపు తిరిగి కనబడింది. అంతలో బాబాయి నా చెయ్యి వదిలి, గబగబా బస్టాండు వెనక్కి వెళ్ళిపోయాడు. బస్సు వచ్చింది, పోయింది. చాలాసేపటికి నడుముకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఇంటికి పోదాం పద అన్నాడు. నిజం చెప్పాలంటే నేను మొదట ఏడ్చింది సముద్రం కోసం. తువ్వాలు ఎందుకు చుట్టుకున్నాడో ఇంటికి చేరాకే అర్థమైంది. అప్పుడింక ఏడుపు రాలేదు.

రెండోసారి గుంటూరు వెళ్ళినప్పుడు నేనూ వస్తానని మొండికేశాను. డాక్టరుగారి ముందు తాతయ్య మళ్ళీ బేరం మొదలుపెట్టాడు. ఈసారి మూడు నెలలు గట్టిగా వాడిస్తే పూర్తిగా పోదా అండీ అన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

“ఇది పోయే జబ్బు కాదండీ. పడుకునే జబ్బు. మాత్రలు మానకుండా ఉంటే ఎక్కువకాలం పడుకుంటుంది. నేను చెప్పగలిగింది అంతే.”

అప్పుడు నేను గోడవైపు తిరిగి, మాత్రలు మానిపించింది నేనేనని చెప్పేశాను. ఎందుకు మానిపించానో కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, మాత్రలన్నీ వేసుకునేవాళ్ళకి కూడా ఒక్కోసారి తిరగబెడుతుందనీ, ఆ బరువు నేను మొయ్యక్కర్లేదనీ అన్నారు. ఇకమీదట మాత్రం తను చెప్పకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించొద్దన్నారు. తాతయ్య తిరుగు ప్రయాణంలో రిక్షావాడు అడిగినంతా ఇచ్చేశాడు. మా ఇంట్లో అది కనీవినీ ఎరుగని సంఘటన.

కాస్త కూర్చోగలిగిన రోజున బాబాయి కొట్టులోంచి అరచేతిలో ఇమిడే స్టీలు డబ్బా ఒకటి తీసుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని, ఆగి ఆగి చుక్కలు కొట్టాడు. మాత్రలు అందులో పోసి నా చేతికిచ్చాడు. మూతమీద రెండే మాటలు, ‘ఒకే ధర’. తాతయ్య దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వలేదు. చుక్కలు బాగా కుదిరాయిరా అని మాత్రం అన్నాడు.

ఈసారి కుదుటపడడానికి నాలుగు నెలలు పట్టింది. నేను గడియారం చూసి మాత్రలిచ్చేదాన్ని. వాడరేవు మాట నేను ఎత్తలేదు. ఇంట్లో ఎవరైనా ఎత్తితే, ఇంకాస్త కోలుకోనీ, మిరపకోతలు అవనీ, పెళ్ళిళ్ళ సీజను పోనీ అనుకునేవాళ్ళం. ఒక బుధవారం పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే బాబాయి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

“అమ్మడూ, సంచి తీసుకో. సముద్రానికి పోదాం.”

నాకు లెక్కల పరీక్ష ఉంది. ఆదివారం వెళ్దామన్నాను. కొట్టులో పెళ్ళివాళ్ళు కూర్చుని ఉన్నారని కూడా గుర్తు చేశాను.

“ఆదివారం ఎలా ఉంటానో నాకు తెలీదు. ఇవాళ బాగున్నాను. బేరాల్లేవ్, పద.”

తాతయ్య పెళ్ళివాళ్ళకి గంగాళాలు చూపిస్తూ మమ్మల్ని చూశాడు. గట్టిగా కేకేస్తాడనుకున్నాను. అలమరలోంచి కొత్త చెంబు ఒకటి తీసి, దారిలో పనికొస్తుంది ఉంచమని బాబాయి చేతిలో పెట్టాడు. అంతకుముందు ఆ కొట్టులోంచి తాతయ్య చేత్తో ఊరికే బయటికి వెళ్ళిన సామాను లేదు.

మేం బస్సెక్కలేదు, సైకిలెక్కాం. బస్సు మన కోసం ఆగదు, సైకిలైతే మన మాట వింటుందన్నాడు బాబాయి. ఏ ఊళ్ళో ఎవరి పెరట్లో మరుగుదొడ్డి ఉందో ఆయనకి కంఠతా వచ్చు. వాళ్ళంతా మా దగ్గర బిందెలు కొన్నవాళ్ళే. దారికి రెండువైపులా కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకి ఇద్దరం తుమ్ముతూ, ఎవరివి ఎక్కువో పందెం వేసుకుంటూ పోయాం. సగం దారిలో ఆయన చటుక్కున సైకిలు ఆపి, చెంబు పట్టుకుని ఒక ఇంట్లోకి వెళ్ళాడు. నేను అరుగు మీద కూర్చుని, ఈసారి కూడా అయిపోయిందనుకున్నాను. ఆ ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ పక్కన పెట్టి, గవ్వల సంచి మడిచేశాను. బాబాయి మీసం తుడుచుకుంటూ బయటికొచ్చి, నా మొహం చూసి పకపకా నవ్వాడు.

“ఏమే, భయపడ్డావా? ఊరికే వెళ్ళొచ్చాను. ఇది మామూలు మనుషులు వెళ్ళేదే.”

సముద్రం చూడగానే నేను అన్న మొదటి మాట, ఇంత పెద్దదా అని కాదు, ఇదంతా ఊరికేనా అని. ఆ మాట బాబాయి తరవాత ముప్పైయేళ్ళపాటు నా పెళ్ళితో సహా అన్ని పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించాడు. మధ్యాహ్నం పడవ నీడన పెరుగన్నం తిన్నాం. నేను డబ్బా తెరిచి రెండు మాత్రలు తీశాను. ఇంత మంచి రోజున ఒకటి చాలదా అన్నాడు, నన్ను పరీక్షించడానికి. నేను మూత తిప్పి చూపించాను. రెండూ నోట్లో వేసుకుని, గటగటా నీళ్ళు తాగి, పంచె ఎగగట్టి అలల్లోకి పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తుతుంటే చూసి సంతోషించడం నాకు అదే మొదటిసారి.

ఆ జబ్బు తరవాత కూడా ఎన్నోసార్లు లేచింది, ఎన్నోసార్లు పడుకుంది. మా కొట్టు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఆ డబ్బా కూడా నా దగ్గరే ఉంది. అందులో నా బీపీ మాత్రలుంటాయి. చుక్కలు అరిగిపోయాయి గాని వేలితో తడిమితే తెలుస్తాయి. మిగతా అన్నింటికీ ఇప్పటికీ బేరమాడతాను, ఆటోవాళ్ళు నన్ను చూసి దారి మళ్ళుతారు. కానీ నెలకో రెణ్ణెల్లకో ఒక పొద్దున బాబాయి ఫోను చేసి, “అమ్మడూ, ఇవాళ బాగున్నాను” అంటాడు. ఎదురుగా ఎంత పెద్ద బేరం నడుస్తున్నా సరే, నేను షట్టరు దించేస్తాను.