నోవా వేసిన ప్రార్థన చీటీ

గిడియన్ అంకుల్ ప్రార్థన మొదలుపెట్టాక ఎవరూ కళ్లు తెరవకూడదు, మధ్యలో లేవకూడదు. నడవడం కన్నా ముందే నోవా నేర్చుకున్న సంగతి అది. సన్నీబ్యాంక్ చుట్టుపక్కల ఉన్న పన్నెండు తెలుగు క్రైస్తవ కుటుంబాలు ప్రతి శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో కూడుకునేవి. ఆయన లేచి నిలబడి గొంతు సవరించుకున్నారంటే, అప్పుడే పొయ్యెక్కిన బిర్యానీ ఉడికి, చల్లారి, మళ్లీ పొయ్యెక్కాల్సిందే. ఒకసారి ఆయన ఆమెన్ అనేలోపు ఓ పిల్లాడికి వేసుకున్న చొక్కా పొట్టి అయిపోయిందని నోవా వాళ్ల నాన్న ఆనందబాబు ఒట్టేసి మరీ చెప్పేవాడు.

అది 1990 డిసెంబరు. నోవాకు పదహారేళ్లు. నర్సుగా పనిచేసే మరియరాణి ఆంటీకి దేశానికి ఆ చివరనున్న పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం వాళ్లు వెళ్లిపోతున్నారు. ఆవిడ కూతురే క్లారా. ఆ పిల్లకూ నోవాకూ తెలుగు చదవడం రాదు. రెండేళ్లుగా ఇద్దరూ ఒకే పాటల పుస్తకం చెరోవైపు పట్టుకుని, ఊరికే పెదవులు కదుపుతూ నిలబడేవారు. వెళ్లేలోగా ఆమెను ఒక్కటి అడగాలి: నీకు ఉత్తరాలు రాయనా? దానికి రెండు నిమిషాల ఏకాంతం చాలు. వీడ్కోలు కూటం రోజున వంటింట్లో చూస్తే ఆంటీలు, పెరట్లో చూస్తే అంకుల్స్. క్లారా ఎక్కడుంటే అక్కడ పదిమంది.

హాల్లో బల్ల మీద ప్రార్థన మనవుల కోసం పెట్టిన బిస్కెట్ల డబ్బా ఉంది. చీటీ మీద పేరు రాయనక్కర్లేదు. గిడియన్ అంకుల్ వాటిని ఇంటికి తీసుకెళ్లి వారమంతా ఒక్కరే ప్రార్థన చేస్తారు. ఇక దేవుడే దిక్కనుకుని నోవా ఇంగ్లీషులో ఒక చీటీ రాసి అందులో వేశాడు.

ఆరోజు గిడియన్ అంకుల్‌కు ఉత్సాహం పొంగింది. వీడ్కోలు కదా, చీటీలన్నీ ఇక్కడే చదివి అందరం కలిసి ప్రార్థిద్దాం అన్నారు. మోకాలి నొప్పి అయింది, వీసా అయింది. మూడో చీటీ విప్పి, తెలుగులో అందుకున్నారు.

"ప్రభువా, క్లారా వెళ్లిపోయేలోగా ఆ బిడ్డతో ఒంటరిగా మాట్లాడాలని నీ కుమారుడొకడు ఆశపడుతున్నాడు. వాడి నోరు తెరువు తండ్రీ."

ఆ చీటీకి ఆమెన్ అని అందరికన్నా గట్టిగా అన్నది నోవా వాళ్ల అమ్మ కరోలిన్. మరుక్షణం ఆవిడ చెయ్యి కొడుకు మోచేతిని పట్టుకుంది. ఆ కూటంలో మీసం మొలుస్తున్న మగపిల్లాడు నోవా ఒక్కడే. మిగతా ముగ్గురికీ ఇంకా పాలపళ్లు ఊడలేదు. లేచి పారిపోదామంటే మిగతా చీటీలకు ప్రార్థన ఇంకా నడుస్తోంది. నోవా కళ్లు తెరిచాడు. ఎదురుగా క్లారా కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. ఆమె నవ్వలేదు.

తిట్టినా బాగుండేది. పెద్దలు సాయానికి దిగారు.

"పాపం, పిల్లాడు దేవుణ్ణి అడుక్కున్నాడు. మాట్లాడుకోనివ్వండి సిస్టర్," అంది మరియరాణి. హాలు మధ్యలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. చుట్టూ అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు.

"ఒంటరిగానే మాట్లాడు నాన్నా, మేమెవరం వినంలే," అని గిడియన్ అంకుల్ వీపు తిప్పుకున్నారు. అక్కడి నుంచి మాత్రం కదల్లేదు.

"పెర్త్‌లో హాట్‌గా ఉంటుందా?" అన్నాడు నోవా.

"యా. డ్రై హీట్."

"క్లారా, కెన్ ఐ..."

చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"గో ఆన్," అంది క్లారా, చాలా మెల్లగా.

నోవా చుట్టూ చూశాడు. ఇరవై ఏడు ప్లేట్లలో ఒక్క మెతుకు కదలడం లేదు.

"కెన్ ఐ గెట్ యూ సమ్ కోక్?"

క్లారా తన చేతుల వంక చూసుకుని, "నో, ఐమ్ రైట్," అంది, అక్కర్లేదన్నట్టు.

దేవునికి స్తోత్రం, ప్రార్థన నెరవేరిందన్నారు గిడియన్ అంకుల్. ఫ్యామిలీలుగా టచ్‌లో ఉందాం బ్రదర్ అంటూ మరియరాణి పెర్త్ అడ్రసు రాసి ఆనందబాబు చేతిలో పెట్టింది.

ఆ అడ్రసు చూసి నోవా రెండుసార్లు ఉత్తరం మొదలుపెట్టాడు. మరియరాణి ఆంటీ కవరు చించి, చదివి, గిడియన్ అంకుల్‌కు ఫోను చేస్తున్నట్టు కళ్లకు కట్టేది. రెండుసార్లూ చించేశాడు. ఏటా క్రిస్మస్‌కు పెర్త్‌కు ఒక కార్డు వెళ్లేది. దాని మీద ఇంటిల్లిపాది పేర్లూ ఆనందబాబే రాసేవాడు. కవరుకు స్టాంపు అంటించి, పోస్టు డబ్బాలో వేసి రమ్మని మాత్రం నోవాను పంపేవారు.