నీలం వచ్చిన రోజు

ఆ వేసవిలో మా నాలుగేళ్ళ బాబు మాటిమాటికీ మంచినీళ్ళు అడిగేవాడు, రోజూ పక్క తడిపేవాడు. చిన్నపిల్లలకీ షుగర్ వస్తుందనీ, వస్తే బతికినన్నాళ్ళూ ఇంజక్షన్లేననీ ఎవరో అనగా విని, నిద్ర పట్టక, గవర్నర్‌పేటలో ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ నీలం మందులో వాడి మూత్రం చుక్కలు వేసి కాచారు. రంగు మారలేదు. షుగర్ లేదనీ, ఆ దాహం ఎండలదేననీ చెప్పి పంపారు.

తిరుగు ప్రయాణంలో, బందరు బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. పదేళ్ళ కూతురు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ఏమైందని అడిగింది. సంతోషం పట్టలేక అంతా చెప్పేశాను.

"నీలంగానే ఉందాండీ?" అంది నెమ్మదిగా. "మా అమ్మాయిది ఇంట్లో నేనే కాచి చూస్తానండి. ఎప్పుడూ ఇటుక రంగే, అంత షుగర్ దానికి. పోయిన నెల ఒక్కసారి నీలం వచ్చింది. ఆ సంబరంలో పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టేశాను. పంచదార డబ్బా మూత తీశాక గానీ గుర్తు రాలేదు."

చెప్పి, తనే నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఉయ్యూరులో కూతుర్ని లేపి దిగబోతూ, మా వాడి బుగ్గ నిమిరింది. "ఇంటికెళ్ళి మీరు వండండి" అంది.

ఆ సాయంత్రమే వండాను. మా వాడు గిన్నె నాకేశాడు. ఇప్పటికీ ఏ మంచి కబురుకి పాయసం పెట్టినా, పంచదార డబ్బా మూత దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.