మానుపిల్లికి నేను పెట్టిన ముహూర్తం

ఈ దీవిలో డెయిరీ ఫార్మ్ అనే పేట‌లో మా తెలుగు ప్రార్థన మందిరం సీలింగు మీద ఒక మానుపిల్లి, అదే చెట్లెక్కే పునుగుపిల్లి, కాపురం పెట్టింది. దాని కంపుకి, ఓడ ఇంకా రేవు చేరకముందే అందులోని జనం ముక్కులు మూసుకునేవారని నేను అందరికీ చెబుతుండేవాణ్ణి. స్కూల్లో సైన్సు మాస్టర్ని కాబట్టి సంఘం పెద్దలు సలహాకి నా దగ్గరకే వచ్చారు.

"అది మేతకి బయటికెళ్లాక కన్నం మూసేద్దాం," అన్నాను.

"లోపల పిల్లలుంటేనో మాస్టారూ?" అన్నారు పాస్టరుగారు.

"సవాలే లేదు అయ్యగారూ, ఉండనే ఉండవు. ఇవి వానాకాలంలోనే ఈనుతాయి. ఇప్పుడు ఫిబ్రవరి."

"పక్కా?"

"బిల్కుల్ పక్కా."

నిజానికి నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు ఒక వానాకాలం తాటిచెట్టు మీద చూసిన ఒకే ఒక్క మానుపిల్లి కాన్పు. దాన్ని పట్టుకుని సముద్రానికి ఇవతలున్న మానుపిల్లులకి కూడా ముహూర్తం పెట్టేశాను.

శనివారం మసకవేళ అది జామచెట్టు మీదికి దూకగానే నేనే నిచ్చెనెక్కి కన్నానికి రేకు కొట్టాను. ఆరు మేకులు సరిపోయేచోట అరవై దిగ్గొట్టాను.

ఆదివారం మొదటి పాట ముగిసేసరికి పైనుంచి సన్నగా కీచుమని వినిపించింది. తలలన్నీ నావైపు తిరిగాయి.

"ఎలకలు," అన్నాను.

కావని నాకు ఆ క్షణమే తెలుసు. లేచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. రెండో పాట అవతలి పేట గరాచర్మ దాకా వినిపించేంత గట్టిగా పాడాను. ప్రసంగం నడుస్తుండగా పైన ఏడుపు తగ్గుతూ వచ్చింది. తగ్గేకొద్దీ నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆరాధన అయ్యాక, మందిరం ఊడ్చే పెద్దావిడ చీపురుతో నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏటి మేస్టారూ, ఎలకలు ఇలాగ ఏడుస్తాయేటి? నలుగుర్ని కన్నదాన్ని, ఇది పాలకేడుపని నాకు తెల్దా? ముందా రేకు పీకండి. సైన్సు తరవాత సెబుదురు గాని."

పీకాను. లోపల మూడు పిల్లలున్నాయి. రెండు కదిలాయి.

పొద్దు వాలాక తల్లి వచ్చింది. మేమంతా దూరంగా గోడవారన నిలబడ్డాం. ఒకదాన్ని మెడ దగ్గర కరుచుకుని పోయింది. మళ్లీ వచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది.

"చలో, అయిపోయింది," అని పాస్టరుగారు అందరినీ ఇళ్లకి పంపేశారు. నేను కదల్లేదు.

అది మూడోసారి వచ్చింది. కన్నంలోకి దూరి చాలాసేపు బయటికి రాలేదు. పైన రేకుల కింద ఈ మూల నుంచి ఆ మూలకి దాని గోళ్ల చప్పుడు వినబడుతూనే ఉంది. అది వెతుకుతున్న పిల్ల నా చేతిరుమాలులో ఉంది.