చచ్చిన తేజాబు, బతికిన సున్నం

ఎనిమిదేళ్ల కిందట డిసెంబరులో కంపెనీ నన్ను నిజామాబాద్ సర్వీస్ సెంటర్‌కు సూపర్‌వైజర్‌గా పంపింది. గ్యాస్ గీజర్లు తయారుచేసే కంపెనీ. ఇందల్వాయి నుంచి రెంజల్ దాకా ఎవరింట్లో గీజర్ మొరాయించినా ఫిర్యాదు నా టేబుల్ మీదికే వచ్చేది. మా కొలువులో మూడు మెట్లు. టెక్నీషియన్ ఇంటింటికీ తిరుగుతాడు. అతనికి అంతుచిక్కనిది సీనియర్ టెక్నీషియన్ చూస్తాడు. ఇద్దరూ చేతులెత్తేస్తే సూపర్‌వైజర్ బండి తీయాలి. సూపర్‌వైజర్ జాబ్ కార్డులో ఏం రాస్తే అదే ఆఖరి మాట. ఆ కార్డులో ‘కారణం’ అని ఒక వరస ఉంటుంది. నీటి వల్ల, భాగంలో లోపం వల్ల, వాడినవారి తప్పు వల్ల అని మూడే గడులు. మూడోదానికి టిక్కు పడితే వారంటీ అక్కడికక్కడే పోతుంది.

అక్కడ చేరిన రెండో వారంలోనే బోధన్ నుంచి ఒక ప్రసూతి ఆసుపత్రి డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసింది. మావాళ్లు రెండుసార్లు వెళ్లి బ్యాటరీలు మార్చి, జాలీ కడిగి వచ్చారట. అయినా గీజర్ టకటకమని చప్పుడు చేస్తోంది, నీళ్లు గోరువెచ్చగా నాలుగు చెంబులు వచ్చి మంట ఆరిపోతోంది. బాలింతల స్నానానికి వంటింటి పొయ్యి మీద నీళ్లు కాచి మోస్తున్నారు. నిన్న ఆయా కాలుజారి మరిగే నీళ్ల గిన్నెతో పడబోయిందని చెప్పింది. తర్వాత కటువుగా ఇంకో మాట అంది. ఆసుపత్రి మోటార్లూ పైపులూ చూసే మనిషి వారం రోజులుగా దీన్ని విప్పుతూ బిగిస్తూ ఉన్నాడు. ఈరోజు బాగుకాకపోతే రేపట్నుంచి అతన్ని మాన్పించి, పని మొత్తం పట్నం కంపెనీకి అప్పగిస్తుంది. ఆ మనిషి పేరేమిటని అడిగాను. రాజన్న అంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రాజన్న నా ఉస్తాద్!

పాతికేళ్ల వయసులో నేను చక్కెర మిల్లులో ట్రెయినీగా చేరినప్పుడు నాకు పానా చేతికిచ్చి పని నేర్పింది ఆయనే. చెరకు రసాన్ని చిక్కబరిచే పెద్ద పెద్ద పాత్రలుండేవి. వాటి కడుపునిండా నిలువు గొట్టాలు. రసం మరిగేకొద్దీ ఆ గొట్టాల లోపల సున్నం పెచ్చు కడుతుంది. రోజులు లెక్కపెట్టి మిల్లు ఆపి, మొదట కాస్టిక్ సోడాతో ఉడికించి, తర్వాత తేజాబుతో కడిగి, బ్రష్షుతో తోమేవాళ్లం. తేజాబు అంటే ఆమ్లం. జిల్లాలో పెచ్చు సంగతి రాజన్నకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. మిల్లు మూతపడ్డాక చేతిలో అంత పనితనం పెట్టుకుని ఆయన ఖాళీగా కూర్చోలేదు. బోర్లు, మోటార్లు, ఆసుపత్రి పైపులు, ఏది దొరికితే అది చేశాడు. ఆ కొలువు కూడా పోతే అరవై దాటిన మనిషిని ఎవరు పిలుస్తారు?

నిమ్మఉప్పు పాకెట్లు, చిన్న పంపు, రెండు రబ్బరు గొట్టాలు, కళ్లద్దాలు, చేతి తొడుగులు సంచిలో వేసుకుని బండి ఎక్కాను. ఎడపల్లి దాటాక చెరకు ట్రాక్టర్లు దారివ్వక చంపాయి. తిట్టుకుంటూనే వెళ్లాను గానీ లోపల మాత్రం పండగే. ఇన్నేళ్లకు ఉస్తాద్ ముందు నా పనితనం చూపించబోతున్నాను మరి!

గీజర్‌ను ఆసుపత్రి వెనక వరండా గోడకు బిగించారు. అది మంచి పని. గ్యాస్‌తో మండే గీజర్ ఎప్పుడూ గాలి ఆడే చోటే ఉండాలి. తలుపు మూసిన స్నానాలగదిలో పెడితే కంటికి కనబడని విషవాయువు మనిషిని నిద్రలోకి తోసినట్టు తోసేస్తుంది. వరండా మెట్ల కింద మురుగునీటి మోరీ ఉంది. ఆయా పొద్దున్నే బ్లీచింగ్ పౌడర్ చల్లినట్టుంది, మోరీ అంచులు తెల్లగా ఉన్నాయి. ఆ మోరీ పక్కన గంబూట్లు, మోచేతుల దాకా తొడుగులు వేసుకుని రాజన్న నిలబడి, బకెట్టు ఎత్తి వంపబోతున్నాడు. బకెట్లోంచి తేజాబు ఘాటు కొడుతోంది, నీళ్లు పచ్చగా పొగలుగక్కుతున్నాయి.

"ఉస్తాద్, ఆగుండ్రి! బకెటు అక్కడనే పెట్టుండ్రి!"

జీవితంలో ఆయన మీద గొంతెత్తడం అదే మొదటిసారి. బకెట్టు గాల్లోనే ఆగింది. ఆయన మెల్లగా కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏంది దానం, నా మీదనే ఒర్రుతున్నవ్?"

నా పేరు దేవదానం. ఆయనకు ఎప్పుడూ దానమే. నేను మోరీ అంచున పౌడర్ చూపించాను. తేజాబు బ్లీచింగ్ మీద పడితే లేచే గాలి గొంతులోకి పోతే ఊపిరి అందదు. బాలింతలు పడుకునే గది కిటికీ సరిగ్గా ఆ మోరీ మీదికే తెరుచుకుంది. ఆయన కిటికీ చూశాడు, మోరీ చూశాడు, మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను.

జరిగింది చెప్పాడు. వారమంతా అన్నీ విప్పి చూసి, పెచ్చే కారణమని ఆ ఉదయమే తేల్చాడు. సరైన మాటే, పెచ్చు పూడి నీటి ధార సన్నబడితే గీజర్‌లో మంట దానంతటదే ఆరిపోతుంది. చన్నీటి గొట్టంలోంచి గరాటుతో మిల్లు తేజాబు, అంటే బజార్లో దొరికే ఘాటు మ్యూరియాటిక్ ఆసిడ్, పోసి పది నిమిషాలు ఉంచాడు. మిల్లులో అదే చేశాంగా అన్నాడు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మిల్లులో ట్యాంకులోకి తేజాబు వచ్చేముందే కెమిస్టు అందులో లోహాన్ని కాపాడే మందు కలిపేవాడు. మా చేతికి అందేది మందు కలిసిన తేజాబే. ఆ మందు డబ్బా మా ఫిట్టర్లు ఎవ్వరూ కళ్లతో చూడలేదు, నాకూ గీజర్ల కంపెనీలో చేరాకే తెలిసింది. ముప్పై ఏళ్లు తేజాబుతో బతికిన మనిషికి తేజాబులో సగం సంగతి తెలియదు! పైగా మిల్లు గొట్టాలు దళసరివి. గీజర్‌లో ఉండేది వేలంత లావున్న, గోడ పలచనైన రాగి గొట్టం. నీళ్లు నిల్వ ఉండే ట్యాంకు ఇందులో ఉండదు. కుళాయి తిప్పగానే మంట అంటుకుని, ఆ రాగి చుట్టల్లో పరుగెత్తుతూనే నీళ్లు వేడెక్కుతాయి. బకెట్లో ఆ పచ్చదనం పెచ్చుది కాదు, కరిగిన రాగిది.

ఆ మాట చెప్పాక ఆయన మొహం చూడలేకపోయాను. గొట్టానికి చిల్లి పడితే గీజర్ మొత్తం మార్చాలి, జాబ్ కార్డులో మూడో గడికి టిక్కు పెట్టాలి, డాక్టరమ్మ అన్నంత పనీ చేస్తుంది. ఇదంతా ఆయనకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

సరే, ముందు పని. బకెట్లోదాన్ని మోరీకి దూరంగా జరిపి, వంటింట్లోంచి తినే సోడా తెప్పించి కొద్దికొద్దిగా వేసి నురగ ఆగేదాకా చల్లార్చాం. తర్వాత గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ మూసి, బ్యాటరీలు తీసి, నీటి వాల్వు కట్టేశాను. వేడినీటి కుళాయి తిప్పి లోపలి ఒత్తిడి వదిలేదాకా పైపు ముట్టుకోలేదు. ఈ వరసలో ఒక్కటి తప్పినా ముఖానికి మరిగే నీళ్లే. రెండు పైపులూ విప్పి, మంచినీళ్లతో ఆ తేజాబు జాడ పోయేదాకా కడిగి, మా రబ్బరు గొట్టాలు తగిలించాను. బకెట్లో గోరువెచ్చటి నీళ్లు, నిమ్మఉప్పు. పంపు ఆ నీళ్లను చన్నీటి పైపులోంచి ఎక్కిస్తుంది, అవి రాగి చుట్టలన్నీ తిరిగి వేడినీటి పైపులోంచి మళ్లీ బకెట్లోకే వస్తాయి. నిమ్మఉప్పూ తేజాబే, కానీ నెమ్మది రకం. సున్నాన్ని తింటుంది, రాగి జోలికి పెద్దగా పోదు.

పంపు మొదలవగానే బకెట్లో బుసబుసా నురగ! కంపెనీలో చేరిన పదేళ్లలో నేనంత నురగ చూడలేదు. ఉస్తాద్, చూసిండ్రా అంటూ చిన్నపిల్లాడిలా అరిచాను. ఆయన మూతి బిగించి చూస్తున్నాడు గానీ కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. అడుగున తెల్లటి మడ్డి చేరుతోంది. ఎన్ని మంటలను ఆర్పిందో ఆ మడ్డి! నేను గడియారం చూస్తూ, కంపెనీ పుస్తకంలో రాసిన నలభై ఐదు నిమిషాలు పూర్తవగానే పంపు ఆపి, అయిపోయింది, ఇక కడిగేద్దాం అన్నాను. చాలా దర్జాగా అన్నాను.

ఆయన కదల్లేదు.

"నలభై ఐదు నిమిషాలని ఆ బుక్కుల రాసినోడు మన బోధన్ బోరునీళ్లు తాగిండా?"

లేచి వెళ్లి స్నానాలగదిలో షవర్ మూతికి అతుక్కున్న తెల్ల పెచ్చును గోటితో గీకి తెచ్చాడు. గోరంత ముక్క. దాన్ని బకెట్లో వేశాడు. ముక్క అడుగుకు పోయి మెదలకుండా కూర్చుంది. ఒక్క బుడగ లేదు. అప్పుడు నా సంచిలోంచి కొత్త నిమ్మఉప్పు చిటికెడు తీసి గ్లాసు నీళ్లలో కలిపి, ఇంకో ముక్క వేశాడు. అది వెంటనే సుయ్‌మంటూ బుడగలు కక్కింది.

"తేజాబు సచ్చిపోయింది దానం. సున్నం ఇంక బతికే ఉన్నది."

మిల్లులో కడిగిన ప్రతిసారీ ఆయన ఇదే పరీక్ష చేసేవాడు. తీసిన తేజాబులో పెచ్చు ముక్క పొంగితే తేజాబుకు ఇంకా ఆకలి ఉంది, లోపల తినడానికేమీ మిగల్లేదని అర్థం. పొంగకపోతే తేజాబు అయిపోయింది, పెచ్చు మిగిలే ఉందని అర్థం. ఇంత తేలికైన లెక్క నేను కళ్లారా చూసి, కోటు, బ్యాడ్జీ వచ్చాక పుస్తకం పాలు చేశాను. తెలిసీ మరిచినవాడిని ఏమనాలో నాకు తోచలేదు. మా సెంటర్ బాగుచేసిన గీజర్లు మళ్లీ మళ్లీ ఎందుకు మొరాయిస్తున్నాయో ఆ క్షణంలో తెలిసిపోయింది.

పాత నీళ్లు మోరీకి దూరంగా పారబోసి కొత్తవి కలిపాం. మళ్లీ నురగ. మూడో బకెట్టు చివర్లో వేసిన ముక్క చక్కగా పొంగింది. ఇక మంచినీళ్లతో ధార తేటబడేదాకా కడిగాం.

అసలు భయం అప్పుడే మొదలైంది. పెచ్చు ఊడితే దాని వెనక దాగిన చిల్లి బయటపడుతుంది. పైపులు బిగించి, వేడినీటి వైపు మూసి, నీటి ఒత్తిడి లోపలికి వదిలి, గీజర్ కింద పాత వార్తాపత్రిక పరిచాను. తడి తగిలితే కాగితమే చెబుతుంది. ఇరవై నిమిషాలు. రాజన్న కాగితం వైపు చూడలేదు, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను రెండుసార్లు వంగి వేళ్లతో తడిమాను. పొడిగానే ఉంది. గడువు కాగానే ఆ కాగితాన్ని మడిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు.

ముందు నీళ్లు, తర్వాత బ్యాటరీలు, ఆఖరున గ్యాస్. జాయింట్లకు సబ్బు నురగ పూసి బుడగ లేవలేదని చూసుకున్నాక కుళాయి తిప్పాం. నీలిమంట టప్పున అంటుకుని నిలబడింది. మునుపటి టకటక చప్పుడే లేదు. నీళ్లు పొగలు కక్కుతూ ధారగా వస్తుంటే ఆయా పరుగున వచ్చి బకెట్లు వరసపెట్టింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

మిగిలింది జాబ్ కార్డు. నీటి వల్ల అని మొదటి గడికి టిక్కు పెట్టి, పెన్ను ఆపాను. ఉదయం తేజాబు సంగతి రాయకుండా వదిలేస్తే ఎవరికీ తెలియదు. రాజన్న నా మనసు చదివేశాడు.

"రాయి. మిల్లుల తప్పు చేసినోడే లాగ్ బుక్కుల రాసెటోడు. ఇక్కడ కలం నీది. నువ్వు రాయి, నేను సంతకం పెడ్త."

రాశాను. గొట్టంలో ఒకసారి మ్యూరియాటిక్ ఆసిడ్ పోశారని, ఒత్తిడి పరీక్షకు గొట్టం నిలిచిందని, ఇకముందు నిమ్మఉప్పు తప్ప ఏదీ వాడరాదని. కింద ఇంకో వాక్యం కూడా చేర్చాను. సూపర్‌వైజర్ పని మధ్యలో ఆపబోగా ఆసుపత్రి ఫిట్టర్ సరిదిద్దాడని. రాజన్న సంతకం చేసి కార్డును తానే డాక్టరమ్మ ముందు పెట్టాడు.

ఆమె మొత్తం చదివింది. మ్యూరియాటిక్ దగ్గర ఆగి ఆయన వైపు చూసింది. ఆయన చూపు దించలేదు. ఆమె నన్నేమీ అడగలేదు, ఆయన్నే అడిగింది, మళ్లీ ఎప్పుడు కడగాలని. మూడు నెలలకని, చప్పుడు ముందే వస్తే ముందేనని ఆయన చెప్పాడు. ఆమె గోడ మీది క్యాలెండర్‌లో మార్చి పేజీ తిప్పి, ఒక తేదీకి సున్నా చుట్టి, పక్కన రాజన్న అని రాసింది.

ఏ లోహమో తెలియకుండా ఆమ్లం పట్టకూడదు. పట్టాక ఎప్పుడు ఆపాలో గడియారాన్ని అడగకూడదు. నేను రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన ప్రతి టెక్నీషియన్ సంచిలో ఒక అగ్గిపెట్టె ఉండేది, అందులో సున్నపు పెచ్చు ముక్కలు. ఆ ముక్క పొంగాకే జాబ్ కార్డు మీద నా సంతకం పడేది.