అమ్మ పేరులో డబ్బా

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదనుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరికీ ఉండే జబ్బే అది, నాకు కాస్త ముదిరింది. పరాయి దేశంలో, పాయా లేబర్ అనే పేటలో మా ఆఫీసు. షాపుల ముందు అక్షరాలు వెలిగే బోర్డులు చేసేవాళ్లం. బోర్డుకి అక్షరాలు తెలియవు, నంబర్లే తెలుసు. ఏ నంబరు పంపితే ఆ అక్షరం వెలుగుతుంది. తంజోంగ్ పగార్‌లో కాఫీ షాపు పెడుతున్న ఇథియోపియా ఆవిడ (మనసులో కాఫీ అక్క అనుకునేవాణ్ణి) షాపుకి తన తల్లి పేరు పెట్టి, అది వాళ్ల లిపిలోనే వెలగాలంది. ఆఫీసులో అందరూ తలలు దించుకున్నారు. నేను చెయ్యెత్తాను. "ఒత్తులూ గుణింతాలూ దిద్దినవాణ్ణి బాస్, నాకిదొక లెక్కా" అన్నాను.

ఆవిడ తల్లి మొదటిసారి విమానమెక్కి వస్తోంది. ఆమెకు చదవడం వచ్చిన లిపి అదొక్కటే. షాపు ఎక్కడో చెప్పకుండా కాఫీ అక్క ఆమెను ఆ వీధిలో నడిపించుకొస్తుందట. "అమ్మ తనంతట తనే పేరు చదువుకుని ఆగాలి తమ్ముడూ. నేను చెయ్యి పట్టుకుని చూపిస్తే ఇంక సంతోషమేముంది?" అంది.

ఆ పేరులో మొదటి అక్షరం ሊ, మన 'లీ' లాంటిది. దాని మూలం ለ. తేడా అల్లా కుడికాలి కింద చిన్న గీత. ఓహో, వీళ్ల గుడిదీర్ఘం ఇదన్నమాట అనుకున్నాను. తెలుగులో 'ల'కి ఒక నంబరు, గుడిదీర్ఘానికి ఇంకో నంబరు, రెండూ కలిస్తే 'లీ'. వీళ్లకీ అంతేనని ఆ గీత నంబరు కోసం వెతుకుతూ కూర్చున్నాను. ఆంగ్ మో కియోలో నా గదిలో ఉండే నెల్లూరాయన చూసి, "ఏంది అబ్బయ్యా, ఈ వయసులో అక్షరాభ్యాసమా? పలకా బలపం తెచ్చేదా?" అన్నాడు. దొరకనప్పుడు ఎవరినైనా అడగొచ్చు కదా. నేనే ఒక నంబరు ఊహించి బోర్డు బిగించేశాను.

తీరా ఆ తల్లి దిగే రోజు వెలిగిస్తే, ለ పక్కన ఒక ఖాళీ డబ్బా. పక్క షాపు ఆంటీ ఆగి, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా' తగిలించి, "బాగుంది లా, కాఫీ డబ్బానా?" అంది. కాఫీ అక్క నవ్వలేదు. "ఇది మా అమ్మ పేరు కాదు. అమ్మ దాటి వెళ్లిపోతుంది" అని ఎయిర్‌పోర్టుకి బయల్దేరింది. వెళ్తూ కూడా నాకు కాఫీ పోసి ఇచ్చింది. అది బోర్డు కిందే చల్లారిపోయింది.

అప్పుడు (చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే) ఆ లిపి నంబర్లన్నీ మొదటినుంచి చూశాను. విడిగా గీత అనేదే లేదు. మన గుణింతాలు హల్లు పంచన అద్దెకుంటాయి, నేనూ నెల్లూరాయనా ఒకే గదిలో సర్దుకున్నట్టు. వాళ్లలో ለకి ఒక ఫ్లాటు, ሊకి ఇంకో ఫ్లాటు, ఎవరి తలుపు మీద వాళ్ల నంబరు. ఆ నంబరు కొట్టేసరికి డబ్బా పోయి అక్షరం వెలిగింది.

కాసేపటికి వీధి మొదట్లో తల్లీకూతుళ్లు కనిపించారు. కూతురు బోర్డు వైపు చూడలేక నేల చూస్తూ నడుస్తోంది. తెల్ల శాలువా కప్పుకున్న పెద్దావిడ చైనీస్ బోర్డుల్నీ ఇంగ్లీషు బోర్డుల్నీ దాటుకుంటూ, మా బోర్డునీ దాటేసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఆగింది. వెనక్కి తిరిగి, తలెత్తి, కూడబలుక్కుంటూ పైకి చదివింది. మళ్లీ చదివింది. తర్వాత కూతురి మీద గట్టిగా కేకలేసింది. ఇంకా ఏదో తప్పుందేమోనని బోర్డు వంక చూశాను. కాఫీ అక్క ఏడుస్తూ నవ్వుతూ నాకు చెప్పింది. "పట్టపగలు లైటెందుకే, ఆపెయ్ అంటోంది."

ఇప్పుడు ఏ ఫోనులోనైనా ఆ అక్షరం అడక్కుండానే వస్తుంది, నాలాంటి పండితుల అవసరం లేదు. మా అమ్మాయికి చెబితే "ఒక్క లెటర్‌కి ఇంత డ్రామానా లా" అంటుంది. అననీ. ఆ వీధికి వెళ్లినప్పుడల్లా తలెత్తి చూస్తాను. ఆ పేరు ఇప్పటికీ పట్టపగలే వెలుగుతుంటుంది. (తల్లి మాట వినే కూతుళ్లెక్కడున్నారు?)